గట్టు మీద జేజినాయన

మా జేజినాయనకు గుడి కట్టారు. మరీ గుడి అనలేం గానీ, నాలుగు సిమెంటు స్తంభాలు, పైన రేకులు, నడుమ ఒక అరుగు, అరుగు మీద పద్మాసనం వేసుకుని కూర్చున్న సిమెంటు విగ్రహం. కంభం నుంచి గిద్దలూరు పోయే దారిలో బస్సు దిగి మా ఊరి వైపు తిరిగితే మొదట కనిపించేది ఇప్పుడు అదే. ముందర ఒక ఫ్లెక్సీ. "శ్రీశ్రీశ్రీ గురవయ్య స్వామి సజీవ సమాధి ఆరాధన" అని ఎర్రటి అక్షరాలు. కింద మా చిన్నాయన మనవడు రమణ చేతులు జోడించి నవ్వుతున్న ఫోటో, స్వామి బొమ్మ కంటే పెద్దది. నన్ను పిలిచింది వాడే. "అత్తా, స్వామిని కండ్లారా చూసినోళ్ళల్లో బతికుండేది నువ్వొక్కదానివే. నువ్వొచ్చి మైకులో నాలుగు మాటలు చెప్పకపోతే ఎట్ల?" అని ఫోను చేశాడు. వెళ్ళాను. ఈ మోకాళ్ళ నొప్పులతో అంత దూరం పోయింది భక్తితో కాదు. నేను చూసినదాన్ని వీళ్ళు ఏం చేసి పెట్టారో చూడాలన్న కడుపుమంటతో పోయాను.

మా వైపు తండ్రిని నాయన అంటాం, నాయనకు నాయన జేజినాయన. నాకు ఊహ తెలిసేనాటికే ఆయన తల ముగ్గుబుట్ట. అప్పుడు మాది కర్నూలు జిల్లా, మదరాసు సర్కారు రోజులు. మా ఇంట్లో పొద్దు పొడిచేది సూర్యుడితో కాదు, జేజినాయన దగ్గుతో. లేచి మొహం కడుక్కుని, ఎద్దుల నొసట ఒకసారి చెయ్యి పెట్టి, వాటికి మేత వేశాకే తాను గంజి తాగేవాడు. తరవాత బావి చేనుకు పోయి కపిల కట్టేవాడు. ఇప్పటి పిల్లలకు కపిల తెలియదు. తోలు బానకు మోకు కట్టి, ఎద్దులు ఏటవాలు దోవలో దిగుతూ లాగితే బావిలోని నీళ్ళు పైకి వచ్చి కాలవలో పడతాయి. ఎద్దులు దిగేటప్పుడు ఆయన పాడేవాడు, వెనక్కి ఎక్కేటప్పుడు ఊరుకునేవాడు. ఆయన పాటలో చరణం ఎంత పొడుగు ఉండేదంటే ఆ దోవ ఎంత పొడుగో అంతే. మేము పసుపు చేలో కలుపు తీస్తూ వింటూ ఉంటే, నీళ్ళు పడే చప్పుడు కూడా పాటలో భాగమే అనిపించేది. తడిసిన తోలు వాసన, పక్కనే ఉన్న కానుగ చెట్టు పూల వాసన కలిసి ఒక ఘాటు వాసన వచ్చేది. ఇన్నేళ్ళ తరవాత కూడా చెప్పుల దుకాణం ముందు నుంచి పోతుంటే నాకు జేజినాయన గుర్తుకొస్తాడు. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఆయన గుళ్ళకు పోయే మనిషి కాదు. వయసులో ఉన్నప్పుడు నల్లమల అవతల నుంచి వచ్చిన ఒక గురువు దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. అప్పటి నుంచి ఆయనకు పూజ అంటే తంబూర, మంత్రం అంటే తత్వం. దీపాలు పెట్టే వేళకు నీళ్ళు పోసుకుని, విభూది పెట్టుకుని, తంబూర ఒళ్ళోకి తీసుకునేవాడు. ఆముదం దీపం వెలుగులో దాని బుర్ర నున్నగా మెరిసేది. దాన్ని ఇంకొకరు తుడిస్తే ఊరుకునేవాడు కాదు. పీరయ్య అని దూది ఏకే ఆయన ఒకడు వచ్చి ఎదురుగా కూర్చుని డోలక్ వాయించేవాడు. పీరయ్య గడ్డంలో ఎప్పుడూ దూది పింజలు ఉండేవి. వాళ్ళిద్దరూ ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకుంటూ పాడుతుంటే అన్నదమ్ములు కూడా అంత దగ్గరగా ఉండరు అనిపించేది. కానీ పీరయ్యకు నీళ్ళిచ్చే చెంబు వేరే ఉండేది, అది పంచలో చూరుకు వేలాడేది. అందరిలో ఉండేది ఒకటే వెలుగు అని పాడిన నోటితోనే "పీరయ్యకు ఆ చెంబుతో నీళ్ళు ఇయ్యండమ్మా" అనేవాడు జేజినాయన. అప్పట్లో నాకు అదేమీ వింతగా తోచలేదు. ఇప్పుడు తలచుకుంటే ఆ పాటలు కూడా నోటికి చేదుగా తగులుతాయి.

ఆ పాటలన్నీ పూర్తిగా వచ్చిన మనిషి ఇంకొకరు మా ఇంట్లోనే ఉండేవారు. మా నాగమ్మత్త, జేజినాయన కూతురు. మా నాయనకు చెల్లెలు, చిన్నాయనకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు విషజ్వరంతో పోతే, పుట్టింటికి వచ్చి వంటింటికీ గొడ్ల చావిడికీ నడుమ బతుకు వెళ్ళదీసింది. బయట పంచలో పాట జరుగుతుంటే లోపల తలుపు చాటున తిరగలి ముందు కూర్చుని జొన్నలు విసిరేది. తిరగలి చప్పుడు కూడా తాళం తప్పేది కాదు. ఒక సాయంత్రం జేజినాయన, "ఒళ్ళు నాదంటివి, ఊరు నాదంటివి" అని ఎత్తుకుని, తరవాతి చరణం గుర్తురాక ఆగిపోయాడు. పీరయ్య డోలక్ మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. లోపలి నుంచి, తిరగలి ఆపకుండానే, అత్త గొంతు వచ్చింది: "కన్ను మూసిన యెనక గట్టు ఎవరిదిరా." అంత తేటగా, అంత లోతుగా పలికిన గొంతు ఆ తరవాత నేను రేడియోలో కూడా వినలేదు. పీరయ్య పకపకా నవ్వి, "అన్నా, పాట లోపల ఉండాదన్నా, మనం బయట ఎతుకుతాండాం" అన్నాడు. జేజినాయన నవ్వలేదు. ఆ చరణం అందుకుని పాట ముగించి, సంగటి తినేటప్పుడు అన్నాడు: "నాగమ్మా, నేర్చుకుంటే నేర్చుకో, మనసులో పెట్టుకో. ఆడదాని గొంతు గడప దాటగూడదు." అత్త చెట్నీ గిన్నె ఆయన ముందుకు జరిపి లోపలికి పోయింది.

ఆయన మీద నాకు ప్రేమ లేదని అనుకోవద్దు. ఆయన ఒళ్ళో కూర్చుని తంబూర బుర్రకు చెవి ఆనించి విన్నదాన్ని నేను. లోపల ఏదో ఒక పెద్ద తేనెటీగ తిరుగుతున్నట్టు ఉండేది. కానీ ప్రేమ ఉన్నచోటే కోపం కూడా నిలవ ఉంటుంది. పాడే గొంతు ఎదురుగా ఉంటే దాన్ని తిరగలి వెనక దాచిన మనిషి ఆయన. దానికి ఫలితం ఆయనే అనుభవించాడు, అదీ మాట్లాడలేని స్థితిలో.

ఉపదేశం తీసుకున్నవాళ్ళను మా వైపు కాల్చరు, పడుకోబెట్టి పూడ్చరు. గుండ్రంగా గుంత తీసి, పద్మాసనం వేయించి, కూర్చోబెట్టి, ఉప్పూ విభూదీ పోసి, తత్వాలు పాడుతూ మన్ను కప్పుతారు. కూర్చోబెట్టాలంటే ప్రాణం పోయిన వెంటనే, ఒళ్ళు వేడిగా ఉండగానే, కాళ్ళు మడవాలి. ఆలస్యమైతే కీళ్ళు బిగుసుకుంటాయి. ఈ సంగతి మా ఊళ్ళో గొర్రెలు కాసేవాళ్ళకు కూడా తెలుసు. జేజినాయన చావు గురించి భయపడేవాడు కాదు, పడుకోబెడతారేమో అనే భయపడేవాడు. ఒకసారి కొడుకులిద్దరినీ పిలిచి తంబూర మీద చెయ్యి వేయించుకున్నాడు. "కపిల దోవ తలకాడ, కానుగ చెట్టు కింద, నన్ను కూర్చోబెట్టండి. పండబెట్టగాకండిరా. కూర్చోని పాడినోణ్ణి, కూర్చోనే పోతా" అన్నాడు. "అట్లనే నాయనా" అన్నారు ఇద్దరూ ఒకేసారి. మా నాయన, చిన్నాయన ఒకే మాట మీద ఉండగా నేను చూసింది అదొక్కసారే.

పీరయ్య చనిపోయాక జేజినాయన పాడటం తగ్గిపోయింది. వాళ్ళ పాటకు తాళం వేసేవాళ్ళు ఇంకో ఇద్దరు ఉండేవాళ్ళు, వాళ్ళూ మార్కాపురం పలకల గనుల్లో కూలికి పోయారు. ఆఖరి రోజుల్లో ఆయన పడుకోవడమే మానేశాడు. పడుకుంటే అట్లాగే పోతానేమోనని గోడకు ఆనుకుని, పీరయ్య కుట్టి ఇచ్చిన బొంత వీపు వెనక పెట్టుకుని, కాళ్ళు మడుచుకుని కూర్చునేవాడు. కాళ్ళు తిమ్మిరెక్కితే అత్త ఆముదం కాచి రాసేది. ఒకరోజు రాస్తుంటే ఆయన నెమ్మదిగా, "ఆ పాట ఎట్లమ్మా, గట్టు పాట" అన్నాడు. అత్త తల ఎత్తలేదు. "గడప ఇంకా ఆడనే ఉండాది నాయనా" అని రాస్తూనే ఉంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ మాట ఆయనకు తగిలిందో లేదో తెలియదు, తగిలి ఉండాలనే ఇప్పటికీ నా కోరిక.

ఆయన పోయింది కోళ్ళు కూసే వేళ. కూర్చుని ఉండగానే పోయాడు. కావాలనే చేసినట్టుగా, కాళ్ళు మడుచుకుని, తల ఒక పక్కకు వాల్చి. అత్త ఆయన కళ్ళు మూసి, తల నిలబెట్టి, వీపుకు బొంత సర్దింది. అప్పటికి ఎవరూ ఏమీ చేయకుండా ఊరుకుని ఉంటే చాలు, ఆయన కోరిక తీరినట్టే. అదే మాకు చేతకాలేదు. చిన్నాయన వచ్చి, "ముందు ఇంట్లో నుంచి బయటికి తీయాల. చెడ్డ నక్షత్రమైతే ఇల్లు ఇడిసిపెట్టాల్సొస్తది" అని తొందరపెట్టాడు. ఇద్దరు కొడుకులూ ఎత్తుకుపోయి వాకిట్లో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు చాపి, దుప్పటి కప్పారు. అత్త వెనకే పరుగెత్తింది. "కూర్చున్నోణ్ణి పండబెట్టేదేంది? ముందు కాళ్ళు మడవండి. వేడి ఆరిపోతే మళ్ళ మడవలేరు."

"ఉండు నాగమ్మా, జాగ తేలనీ" అన్నాడు మా నాయన. "కూర్చోబెట్టినాక ఆలస్యం చేయగూడదు."

"జాగ ఆయనే చెప్పిపోయినాడు గదన్నా."

అక్కడ మొదలైంది. బావి చేను మా భూమిలో అన్నిటికన్నా మంచిది. ముందు రోజు దాకా అది నాకంటే నాకని అన్నదమ్ములు లోలోపల గుద్దులాడుకుంటూనే ఉన్నారు. ఆ చేలో సమాధి వస్తే దాన్ని దున్నకూడదు, చుట్టూ జాగ విడవాలి, ఏటా ఆరాధన చెయ్యాలి. చేను కావాలి, చేలో తండ్రి వద్దు. "పక్కనుండే మెట్ట చేన్లో పెడదాం" అన్నాడు చిన్నాయన. "మెట్ట చేను నాకు అంటగట్టాలనే అట్ల అంటాండావు" అన్నాడు మా నాయన. "నువ్వు పెద్దోనివి, నీ భాగంలో ఉంటే నీకే పుణ్యం గదా" అన్నాడు చిన్నాయన. "పుణ్యం నీకే ఇస్తా తీసుకో" అన్నాడు మా నాయన. ఊరి పెద్దలు వచ్చారు, అరుగు మీద కూర్చున్నారు, తమలపాకులు నమిలారు, ఇద్దరిదీ న్యాయమే అన్నారు. వాకిట్లో నీడ గోడ దగ్గరికి తగ్గిపోయింది. అత్త ఒక్కతే చాప దగ్గర కూర్చుని, దుప్పటి కిందికి చెయ్యి పెట్టి జేజినాయన మోకాలు మడవబోయింది. చిన్నాయన చూసి చెయ్యి పట్టి లాగేశాడు. "మొగుడు పోయినదానివి, ఇది నువ్వు చేసే పని గాదక్కా." మా నాయన అది చూశాడు. చూసి, మళ్ళీ మెట్ట చేను సంగతి ఎత్తాడు. మా నాయన నన్ను బడికి పంపిన మనిషి, నాకోసం ఊరందరితో కొట్లాడిన మనిషి. ఆయనను మంచివాడని అందరూ అంటారు, నేనూ అంటాను. ఆ పొద్దు మటుకు మా ఇంట్లో మంచివాళ్ళు ఎవరూ లేరు.

చివరికి పెద్దల్లో ఒకరు తీర్పు చెప్పారు. "రెండు చేన్లకూ నడుమ గట్టు ఉండాది గదా, గట్టు మీద పెట్టుకోండి. ఎవురి నేలా పోదు." అందరూ భేష్ అన్నారు. అప్పుడు దుప్పటి తీసి కాళ్ళు మడవబోయారు. మడతపడలేదు. ఇద్దరు పట్టి వంచినా కట్టెలాగే ఉన్నాయి. ఒకాయన నెమ్మదిగా, "కొంచెం గట్టిగా వంచితే సరి. ఎముక ఇరిగినా ఇప్పుడు ఆయనకేం తెలుస్తది" అన్నాడు. అత్త లేచి జేజినాయన కాళ్ళకు అడ్డంగా పడిపోయింది. "ఆ కాళ్ళు మడుచుకునే గదా బతుకంతా పాడింది! ఇరిస్తే నన్ను గూడ అదే గుంతలో పూడ్చండి" అని అరిచింది. ఆమె అరవగా నేను విన్నది ఆ ఒక్కసారే. అందరూ వెనక్కి తగ్గారు. చిన్నాయన గొంతు సవరించుకుని, "పోనీ, పండబెడదాం. గట్టు ఎట్లన్నా పొడుగే గదా, సరిపోతది" అన్నాడు. మా నాయన తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు మా నాయన చావు కన్నా బాగా గుర్తుంది.

తల దక్షిణానికి, కాళ్ళు ఉత్తరానికి, గట్టు పొడుగునా గుంత తీశారు. ఉప్పు పోశారు, విభూది పోశారు. పాట దగ్గర ఆగిపోయారు. పీరయ్య లేడు, తాళం వేసేవాళ్ళు లేరు, ఉన్నవాళ్ళకు పల్లవి దాటి రాదు. పారలు పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ళం దూరంగా కానుగ చెట్టు కింద నిలబడి ఉన్నాం. మా నాయన మా వైపు వచ్చి, కళ్ళు దించుకుని, "నాగమ్మా, నీకొస్తాయి గదా. ఒకటి పాడు" అన్నాడు. అత్త గట్టు వైపు తిరిగి నిలబడింది. పాడుతుందనే నేను అనుకున్నాను, పాడాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా. "తత్వం కూర్చున్నోనికి పాడేదన్నా" అంది. "పండుకున్నోనికి పాడాల్సింది జోలపాట. పిల్లలు లేనిదాన్ని, నాకు జోలపాట రాదు." మా నాయన వెనక్కి పోయాడు. పాట లేకుండానే పూడ్చారు. మట్టిగడ్డలు పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. బతుకంతా పాడిన మనిషి కుక్కపిల్లను పూడ్చినట్టు పోయాడు.

అత్త ఆ తరవాత ఎన్నడూ పాడలేదు. విసిరేటప్పుడు కూడా పెదవులు బిగపట్టుకునేది. నాకు నేర్పమని ఎన్నిసార్లు కాళ్ళావేళ్ళా పడ్డానో. "మర్చిపోయినా" అనేది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆమెతోనే ఆ పాటలన్నీ పోయాయి. ఆమెను ఎక్కడ పెట్టారో గుర్తుపట్టడానికి ఒక రాయి కూడా లేదు. భాగాలు తెగాక బావి చేను చిన్నాయనకే వచ్చింది. గట్టు ఎవరిదీ కాదు కదా, అందుకని ఇద్దరూ చెరో పక్క నుంచి ఏటా కొంచెం దున్నుకుంటూ వచ్చారు, జేజినాయన వెడల్పు మిగిలిందాకా. కపిల పోయి ఆయిలింజన్ వచ్చింది, ఇంజన్ పోయి బోరు వచ్చింది. బావిలో ఇప్పుడు ప్లాస్టిక్ సంచులు, తాగి పడేసిన సీసాలు. ఊళ్ళో అన్ని బోర్లూ ఎండిపోతుంటే రమణ వేసిన బోరులో నీళ్ళు పడ్డాయి, అది గట్టు పక్కన. దాంతో స్వామి వాడి కలలోకి వచ్చాడు, అరుగు లేచింది, హుండీ వెలిసింది. అప్పటి వాళ్ళు చేలో జాగ లేదని తండ్రిని గట్టుకెక్కించారు. ఇప్పటి వాళ్ళు ఆ గట్టునే క్షేత్రం చేశారు. ఏది ఎక్కువ పాపమో తూచే తక్కెడ నా దగ్గర లేదు గానీ, ఆ పాత వాళ్ళు కనీసం తల దించుకున్నారు.

పోయిన వెంటనే రమణను పక్కకు పిలిచి చెప్పాను. "ఒరే, ఆయన కూర్చోని లేడురా. పండుకోని ఉండాడు. నా కండ్లతో చూసినా. సజీవ సమాధి అని ఎవురు చెప్పినార్రా నీకు?"

వాడు నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. "వయసు పైబడింది గదత్తా, మర్చిపోయి ఉంటావు. అయినా ఇంతమంది నమ్ముకున్నాక, పండుకోని ఉండాడంటే ఈ విగ్రహాన్ని ఏం జేయమంటావు?"

వాడి చెయ్యి నా భుజం మీద నుంచి తీసి విగ్రహం వైపు నడిచాను. విగ్రహం పక్కన గాజు పెట్టెలో తంబూర ఉంది. బంగారు రంగు పూశారు, తీగెలు మాత్రం లేవు. మైకు నా చేతికి ఇచ్చారు. "ఆయన బాగా పాడేవాడు. ఆయన కూతురు నాగమ్మ అంతకంటే బాగా పాడేది" అన్నాను. ముందు వరసలో ఒకామె పక్కామెను "నాగమ్మ ఎవురు?" అని అడగడం వినిపించింది. ఆమెకు చెబుదామని నోరు తెరిచేలోగా రమణ మైకు తీసుకుని గోవిందా అనిపించాడు. పెద్ద స్పీకర్లలో సినిమా బాణీలో ఏదో భక్తి పాట మొదలైంది.

జనం వరసగా వచ్చి సిమెంటు పాదాలకు మొక్కుతున్నారు. అరుగు నలుచదరంగా కట్టారు. లెక్కకు అది జేజినాయన తల మీద, ఎద మీద ఉంటుంది, అంతే. మిగతా ఒళ్ళు ఉత్తరం వైపు, అరుగు దాటి ఉంది. రోడ్డు నుంచి వచ్చేవాళ్ళంతా అటు నుంచే వస్తారు కాబట్టి చెప్పులన్నీ అక్కడే విడుస్తున్నారు. రబ్బరు చెప్పులు, బూట్లు, పిల్లల చెప్పులు, సరిగ్గా ఆయన చాపిన కాళ్ళ మీద కుప్పగా పడి ఉన్నాయి. నాకు ఇంక నిలబడబుద్ధి కాలేదు. మోకాలు పట్టుకుని వంగి, ఒక్కొక్క జత తీసి చేలోకి, అవతలికి పెట్టడం మొదలుపెట్టాను. నేను తీస్తూనే ఉన్నాను, వచ్చేవాళ్ళు విడుస్తూనే ఉన్నారు. అరుగు మీద నుంచి రమణ చూసి, పాటను మించి కేక వేశాడు.

"కూర్చోత్తా, నీ చెప్పులు యాడికీ పోవు."